నడి చెరువులో కొలత

క్వోపియో, ఫిన్లాండ్
సెప్టెంబర్ 14

సుధా,

నేనిక్కడికొచ్చి పన్నెండు రోజులైంది. ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో స్పీకర్ పెట్టి అందరూ వింటారు. నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆగిపోతుంది. అందుకని ఎమ్మెస్సీ సెలవుల్లో రాసుకున్నట్టే రాసుకుందాం. మెయిల్లో పంపినా ఉత్తరం ఉత్తరమే.

ఈ ఊరు చుట్టూ నీళ్లే. కొల్లేటి లంకలా ఉంటుంది, కాకపోతే ఒక్క కొంగ కనపడదు. విజయవాడలో చొక్కా ఒంటికి అంటుకునే ఉక్కలో బండెక్కిన మనిషిని, ఇక్కడ సెప్టెంబర్లోనే రెండు స్వెట్టర్లు వేసుకు తిరుగుతున్నాను. నా పైన ఉన్న ప్రొఫెసర్ పేరు ఐలా. అరవై దగ్గర పడ్డ మనిషి. పేరు పెట్టి పిలవమంటుంది, నాకు నోరు రాదు. "ఐలా గారు" అంటుంటే, ఆ గారు అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. "సరే, ఉంచు" అంది.

పని సంగతి నీకు సగం తెలుసు. విజయవాడలో మా యూనివర్సిటీ, ఇక్కడి యూనివర్సిటీ కలిసి రెండేళ్లపాటు నీళ్లలోంచి గాలిలోకి ఎంత మీథేన్ వెళ్తోందో కొలుస్తాయి. వాళ్ల వంతు చలిదేశపు సరస్సులు, మన వంతు డెల్టా వరిచేలు, చేపల చెరువులు. మేత మిగిలి అడుగున కుళ్లితే బుడగలుగా పైకొస్తుంది చూశావా, అదే. భూమిని వేడెక్కించే వాయువుల్లో అది గట్టిది. ప్రపంచంలో చేపల చెరువుల మీద కొలతలు చాలా తక్కువ, మన కొల్లేటి వైపు అయితే లేవనే చెప్పాలి. ఇక్కడ ఏడు నెలలే ఉంటానో, ఇంకో రెండేళ్లు ఉండనిస్తారో ఈ కొలతల మీదే ఆధారపడి ఉంది.

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మీ చెరువు నడిమధ్యలో, మేత సంచులు కట్టే గుంజల పక్కన, నేను ఇచ్చొచ్చిన ఆ తెల్ల పెట్టె నీళ్ల మీద బోర్లించు. పావుగంటకోసారి సిరంజితో గాలి తీసి సీసాలోకి ఎక్కించు. సీసా మీద తారీఖు, టైము, నీటి ఉష్ణోగ్రత రాయి. సోమవారం మా ల్యాబ్ గంగాధర్ గారు కైకలూరు బస్టాండులో తీసుకుంటారు. హైస్కూల్లో సైన్సు చెప్పే నీకు ఇంతకంటే వివరం అక్కర్లేదు.

మీ నాన్నగారికి చెప్పు, బాబాయి పేరుగానీ ఊరి పేరుగానీ ఏ కాగితంలోనూ రాదు. "చెరువు 4" అని ఉంటుంది, అంతే. ఆ పూచీ నాది.

నీ
ఉష


కైకలూరు
అక్టోబర్ 6

ఉషా,

నాలుగు ఆదివారాలు అయిపోయాయి. మొదటి వారం పెట్టె తిరగబడింది. రెండో వారం సిరంజి నీళ్లలో పడితే నాన్న దూకి తెచ్చాడు. మూడో వారం నుంచి బాగానే ఉంది.

నాన్న సంగతి నీకు తెలుసుగా, రామాంజనేయులు గారు దేన్నీ ఊరికే నమ్మరు. పడవ గెడ వేస్తూనే అడిగాడు, గాలిని సీసాలో పోసి అంతదూరం లెక్కలు కట్టడమేమిటని. సీసాలు విజయవాడ వరకే వెళ్తాయి, అంకెలు ఫిన్లాండ్ వెళ్తాయి అని చెప్పాను. "మన చేపలు భీమవరం దాటాలంటే ఐసు కావాలి, మన గాలికి అదీ అక్కర్లేదన్నమాట" అన్నాడు. అమ్మ గట్టు మీద కూర్చుని నవ్వింది.

కానీ ఇప్పుడు ఆయనకే సరదాగా ఉంది. పావుగంట అవగానే నాకంటే ముందు గడియారం చూసుకుంటాడు. పోయిన వారం గెడతో అడుగు కదిపి బుడగలు పైకి తెప్పించి, "ఇదేనా మీరు వెతికేది? చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, దీనికి పేరుందని తెలీదు" అన్నాడు.

చేపల్లో శీలావతులు బాగా ఎదిగాయి. బొచ్చెలు కొంచెం వెనకబడ్డాయి. నువ్వు తింటున్నదేమిటో రాయి, అమ్మ అడుగుతోంది.

నీ
సుధామణి


క్వోపియో
నవంబర్ 11

సుధా,

మొదటి ఎనిమిది వారాల ఫలితాలు వచ్చాయి. కూర్చుని చదువు. మీ చెరువు నుంచి వస్తున్నది పక్కన వరిచేలలో వచ్చేదానికి నాలుగింతలు ఉంది. ఐలా గారు రెండుసార్లు లెక్క కట్టించింది. తప్పేం లేదు. "ఇలాంటి చెరువు దొరకడం మన అదృష్టం" అంది. మార్చిలో ఇక్కడ పెద్ద సమావేశం ఉంది, అందులో నేనే మాట్లాడాలట. సుధా, మొదటిసారి నన్నొక మనిషిగా చూశారిక్కడ.

బాబాయికి కూడా చెప్పు, ఆయన చెరువు ఫస్టు వచ్చిందని.

సరస్సు అంచులు గడ్డకట్టడం మొదలైంది. మూడున్నరకే చీకటి. మీ అమ్మకి చెప్పు, రై గింజల నల్ల రొట్టె, బంగాళాదుంప, పొగబెట్టిన చేప. చేప ఉంది కాబట్టి బతికేస్తున్నాను.

నీ
ఉష


కైకలూరు
డిసెంబర్ 9

ఉషా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. స్కూల్లో పరీక్షలు.

సీసాలు వారం వారం ఇస్తూనే ఉన్నాను. గంగాధర్ గారు టైముకి వస్తున్నారు. మొన్న నాకోసం అరగంట ఎదురుచూశారు పాపం, టీ కూడా తాగలేదు.

ఒక మాట అడుగుతాను, తెలిస్తే చెప్పు. ఈ అంకెలు ఎవరెవరు చూస్తారు? మీరు మాత్రమేనా, గవర్నమెంటు వాళ్లు కూడానా?

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే చెరువు మీద పొగమంచు. అందరం బాగున్నాం.

సుధ


క్వోపియో
జనవరి 8

సుధా,

అంకెలు ముందు మేము చూస్తాం, తర్వాత పేపరు రాస్తాం, పేపరు అచ్చయితే ఎవరైనా చదువుతారు. పేర్లు ఉండవని చెప్పానుగా. దాని గురించి బెంగపడకు.

నాకు నీ సాయం కావాలి. నవంబర్ మూడో వారం నుంచి మీ చెరువు లెక్క ఒక్కసారిగా పడిపోయింది. నాలుగింతలున్నది వరిచేల కంటే తక్కువైంది. చలికి కొంత తగ్గుతుంది గానీ ఇంత కాదు. మిగతా మూడు చెరువుల్లో ఇలా లేదు. మేత మార్చారా? సున్నం ఏమైనా చల్లారా? నీళ్లు చిలికే ఏరేటర్లు పెట్టారా?

నిన్న ఐలా గారికీ నాకూ దీని మీద వాదన అయింది. ఆవిడ నన్ను సరస్సు మీదకి నడిపించుకెళ్లింది. అవును, మీదకే, మంచు మీద కార్లు కూడా వెళ్తున్నాయి. మంచులో తెల్లగా బిళ్లల్లాగా బుడగలు ఇరుక్కుని ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. ఒకదానికి కన్నం పెట్టి అగ్గిపుల్ల గీసింది. భగ్గుమని మండింది. అప్పుడంది, "ఇంత చలిలోనూ ఇది ఆగలేదు. చెరువు ఇంత త్వరగా మారదు ఉషా. కొలిచేవాళ్లు మారారేమో అడుగు."

నేను ఒప్పుకోలేదు. సుధామణి నాకు పన్నెండేళ్లుగా తెలుసు, ప్రాక్టికల్స్‌లో రీడింగు రాకపోతే సున్నా మార్కులకైనా సిద్ధపడిందిగానీ పక్కవాళ్లది చూసి రాయలేదు అని చెప్పాను.

సమావేశానికి ఇంకా రెండు నెలలుంది. మేత సంగతి రాయి, కారణం మేతే అయ్యుంటుంది.

నీ
ఉష


కైకలూరు
ఫిబ్రవరి 2

ఉషా,

మేత మారలేదు. సున్నం చల్లలేదు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

నవంబర్లో నీ ఉత్తరం రాగానే నాన్నకి చదివి వినిపించాను, ఆయన చెరువు ఫస్టు వచ్చిందని. నవ్వుతాడనుకున్నాను. నాలుగింతలు అన్నమాట దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాడు. తర్వాత లేచి గట్టు మీదకి వెళ్లిపోయాడు. ఆ వారమే పక్క చెరువు కౌలుకు చేసే మాణిక్యమ్మ గారు సంతలో విని వచ్చింది, చేపల చెరువుల గాలి వల్ల ఎండలు ముదురుతున్నాయని విదేశాల వాళ్లు కొలుస్తున్నారట, ఎక్కువ వచ్చిన చెరువులు కొట్టేస్తారట అని.

మా పాత చెరువు సంగతి నీకు హాస్టల్లో ఒకసారి చెప్పాను, గుర్తుందో లేదో. అప్పుడు నేను టెన్త్. పక్షుల అభయారణ్యమని గవర్నమెంటు వాళ్లు కొల్లేటి లోపల ఉన్న చెరువుల గట్లు మిషన్లు పెట్టి తెంచిన ఏడాది. నాన్న ముందు రోజు సాయంత్రం వరకూ మేత వేస్తూనే ఉన్నాడు. పొద్దున్నకి చేపలన్నీ బయటికి పారే నీళ్లలో కొట్టుకుంటుంటే మోకాళ్ల లోతులో నిలబడి చూశాడు. తర్వాత ఆరేళ్లు వేరేవాళ్ల చెరువుల్లో వలలు లాగి, హద్దు బయట ఇప్పుడున్న నేల కౌలుకు తీసుకుని తవ్వుకున్నాడు. ఆయనకి కొలతంటే భయం లేదు, కొలిచాక వచ్చేవాళ్లంటే భయం.

ఆ ఆదివారం పడవ నడి చెరువుకి పోనివ్వలేదు. తూము దగ్గర ఆపాడు. ముందురోజే తూము ఎత్తి కాలవ నీళ్లు పెట్టాడు. అక్కడ కొత్త నీళ్లు, అడుగున మేత చేరదు, బుడగ రాదు. "ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు. అక్కడ పెడితే తప్పని చెప్పాను. ఆయన నాతో ఎప్పుడూ బతిమాలి మాట్లాడలేదు ఉషా. ఆరోజు అన్నాడు, "ఇదీ మన చెరువే కదా. ఇదీ మన నీళ్లే కదా. అబద్ధం ఎక్కడుంది?"

నేను పెట్టెను అక్కడే బోర్లించాను. పదకొండు ఆదివారాలు అక్కడే పెట్టాను.

ఉష్ణోగ్రత మాత్రం ఉన్నదున్నట్టే రాశాను. కాలవ నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటాయి. మీలో ఎవరో ఒకరు చూసి పట్టుకుంటారని ఎదురుచూశానేమో, నాకే తెలీదు. నువ్వు నా గురించి ఆవిడతో అన్న మాటలు చదివాక మాత్రం ఇక దాచలేకపోయాను. క్లాసులో థర్మామీటరు ఎలా చదవాలో చెబుతూ మధ్యలో ఆపి, పిల్లల్ని పుస్తకం చదువుకోమన్నాను.

నాన్నకి చెప్పకుండా ఇది పంపుతున్నాను. పంపాక చెబుతాను. నువ్వు కోప్పడితే కోప్పడు. సమావేశంలో మాత్రం ఆ అంకెలు చెప్పకు.

సుధ


క్వోపియో
ఫిబ్రవరి 4

సుధా,

చదివాను. ఐలా గారికి చెప్పాలి, రేపు చెబుతాను. ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

ఉష


క్వోపియో
ఫిబ్రవరి 23

సుధా,

మూడు వారాలు నీకు రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. కోపం వారంలోనే పోయింది. మిగతాది నా సంగతి, అది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నీ ఉత్తరం మొత్తం ఐలా గారికి ఇంగ్లీషులో చదివి చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి మీ సీసాల ఉష్ణోగ్రతల పట్టీ తెచ్చింది. దాని మీద పెన్సిల్‌తో గీతలున్నాయి. జనవరిలోనే గమనించిందట, నేను అడిగి తెలుసుకుంటానేమోనని ఆగిందట. పదకొండు వారాలూ కొట్టేసింది. మార్చి సమావేశంలో నా పేరు తీసేయించాను. ఇక్కడ ఇంకో రెండేళ్లు ఉండే మాట కూడా దాంతోనే పోయింది. అది నీ వల్ల కాదు, కారణం కింద రాశాను, చదువు.

ఐలా గారు అడిగింది, ఆ రైతు ఎందుకంత భయపడ్డాడు, మనం పేర్లు రావని చెప్పలేదా అని. చెప్పానన్నాను. "మరి మ్యాపు సంగతి చెప్పావా?" అంది.

మ్యాపు ఉంది సుధా. రెండు యూనివర్సిటీల ఒప్పందంలోనే ఉంది. ప్రతి కొలత ఎక్కడ తీశారో చుక్క పెట్టి, అక్షాంశం రేఖాంశంతో సహా అందరికీ కనిపించేలా పెట్టాలి. పేరు ఉండదు, నిజమే. కానీ ఫోన్లో ఆ చుక్క నొక్కితే మీ గట్టు మీద కొబ్బరిచెట్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ కాగితం మీద సంతకం చేసిన నలుగురిలో నేనొకదాన్ని. నువ్వు డిసెంబర్లో సూటిగా అడిగావు, ఎవరు చూస్తారని. అప్పటికి నాకు తెలుసు. చెబితే మీరు మానేస్తారని చెప్పలేదు.

నువ్వు దాచింది మీ నాన్నగారి కోసం. నేను దాచింది నాకోసం.

ఐలా గారు గొంతు పెంచలేదు. "కొలతలు మళ్లీ తీసుకోవచ్చు. మనం వాళ్ల నీళ్లలో పెట్టె పెట్టి, వాళ్లకి చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. అది నా తప్పు కూడా" అని, ఆ రోజే రెండు యూనివర్సిటీలకీ రాసింది. మ్యాపులో ఇక చుక్కలుండవు, మండలం వరకే చూపిస్తారు. అది నిన్న ఖాయమైంది. మారిన ఒప్పందాన్ని తెలుగు చేసి దీంతో పంపుతున్నాను. బాబాయికి మొత్తం చదివి వినిపించు, నేను సంతకం పెట్టిన సంగతి కూడా. ఆయన వద్దంటే చెరువు 4 ఇక లేనట్టే. నేను మళ్లీ అడగను.

ఏప్రిల్ పదికి విజయవాడ వచ్చేస్తున్నాను.

ఉష


కైకలూరు
ఏప్రిల్ 14

ఉషా,

దిగావని గంగాధర్ గారు చెప్పారు. రెండున్నర గంటల దూరంలో ఉండి కూడా రాస్తున్నాను, ఎదురుగా అయితే ఇది చెప్పలేను.

మ్యాపు మాట చదివి నాకూ కోపం వచ్చింది, నీకంటే రెండు రోజులు ఎక్కువే ఉంది. ఇప్పుడు లేదు. రాసేశాను కాబట్టి ఇక ఆ మాట వదిలేద్దాం.

నాన్నకి రెండూ చెప్పాను. ముందు నేను నీకు రాసిన సంగతి, తర్వాత నీ కాగితం. మొదటిది విని మాట్లాడటం మానేశాడు. అమ్మ అన్నం పెడితే క్యారేజీలో వేయించుకుని పడవలో తిన్నాడు. "నా కూతురే నా మీద చెప్పింది" అని అమ్మతో అన్నాడట, అదొక్కటే. నీ కాగితం బల్ల మీద పెట్టి వెళ్లాను. రోజూ చోటు మారి ఉండేది, చదువుతున్నాడని తెలిసేది.

నెల దాటింది అలా. మార్చి చివరి ఆదివారం గట్టు మీదకి వెళ్తే రేవులో పడవ లేదు. చూస్తే నడి చెరువులో ఉంది. మేత సంచుల గుంజకి పడవ కట్టేసి, పెట్టె బోర్లించి, మోకాలి మీద గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. నేను పిలవలేదు. గంటసేపు గట్టు మీదే నిలబడ్డాను.

వచ్చి నాలుగు సీసాలూ నా చేతిలో పెట్టాడు. ఉష్ణోగ్రత తన చేత్తో రాశాడు, ముప్ఫై ఒకటి. "సరిగ్గా చదివానా చూడు" అన్నాడు. చూశాను, సరిగ్గానే ఉంది. నేను ఏడుస్తుంటే అటు తిరిగి గెడ కడుగుతూ చెప్పాడు.

"ఆ రోజు మిషన్లు వచ్చినప్పుడు మన దగ్గర ఒక్క కాగితం లేదమ్మా. ఎంత చెరువు, ఎన్ని చేపలు, ఏమీ లేదు. వాళ్లు చెప్పిందే లెక్క అయింది. ఈసారి ఎవరైనా వస్తే నా లెక్క నా దగ్గర ఉండాలి. కొలిచింది నేనే అని చెప్పాలి."

తర్వాత వెళ్తూ వెళ్తూ అడిగాడు, ఆ గాలి తగ్గాలంటే ఏం చెయ్యాలో ఆ ఫిన్లాండ్ ఆవిడకి తెలుసా అని. నీకు తెలిస్తే నువ్వే వచ్చి చెప్పు. పులుసు పెడుతుందట అమ్మ.

నీ
సుధ


విజయవాడ
మే 3

సుధా,

పోయిన ఆదివారం మీ ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో చాలా సిద్ధం చేసుకున్నాను, బాబాయి ముందు ఏం చెప్పాలో. ఆయన ఏమీ చెప్పనివ్వకుండా "ముందు తిను" అనడంతో అన్నీ మరిచిపోయాను. సంతకం గురించి క్షమించమని అడిగితే, "చదివి పెట్టావా, చదవకుండా పెట్టావా?" అన్నారు. చదివే పెట్టానన్నాను. "అయితే సరే, మళ్లీ పెట్టవులే" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఆ మాటే నాతో ఉంది.

ఐలా గారికి ఆయన ప్రశ్న పంపాను. రెండు రోజుల్లో జవాబు రాసింది. సరస్సుల గురించైతే తెలుసట, ఎండగట్టే చేపల చెరువుల గురించి తెలీదట. "ఆయన చెరువు ఎండగట్టి బురద తీస్తే తగ్గుతుందేమో, ముందూ వెనకా కొలుద్దాం. ఆయనకి తెలిసింది నాకు తెలీదు" అని రాసింది. పేపర్లో ఆయన పేరు కొలిచినవాళ్లలో పెట్టవచ్చా అనీ అడిగింది. పెట్టకూడదంటే పెట్టదు.

మార్చి, ఏప్రిల్ అంకెలు వచ్చాయి. నాలుగింతలకీ పైనే ఉంది. దాచకుండా చెబుతున్నాను.

నీ
ఉష


కైకలూరు
జూలై 20

ఉషా,

చేపల పట్టుబడి అయ్యాక నాన్న చెరువు నెలరోజులు ఎండబెట్టాడు. నేల నెర్రెలు విచ్చింది. అడుగున రెండడుగుల నల్ల బురద, వాసన వీధి వరకూ వచ్చింది. ఆ బురదంతా ట్రాక్టర్లతో తోలించి పక్క వరిచేలలో పోయించాడు. కాలవలు వదిలాక నీళ్లు పెట్టి, చేపపిల్లల్ని వదిలి, మొన్నటికి మూడు ఆదివారాలు కొలిచాం. సీసాలు ఈ సోమవారం నీకు అందుతాయి. ఎంత వస్తుందో నాకు తెలీదు. నాన్న అడగటం లేదు గానీ, శనివారం నుంచే గడియారం తుడుచుకుంటున్నాడు.

పేరు సంగతి. పెట్టమన్నాడు. ఇంటిపేరుతో సహా రాయాలట, ఈ మండలంలో రామాంజనేయులు అనేవాళ్లు పదిమంది ఉన్నారట.

ఈ ఉత్తరం అసలు దీనికోసం రాస్తున్నాను. ఈ పొద్దున మాణిక్యమ్మ గారు గట్టు మీదకి వచ్చింది, సంతలో మాట మోసుకొచ్చిన ఆవిడే. మేము సీసాలు సర్దుతున్నాం. కాసేపు వానల గురించి మాట్లాడింది. తర్వాత నాన్నని అడిగింది, ఈ పెట్టె ఒక వారం తన చెరువులో కూడా పెడతారా అని. ఊరికే, ఎంతుందో చూసుకోవడానికట. ఎవరికీ చెప్పకూడదట.

నాన్న పెట్టె నీళ్లు దులిపి, తుడిచి, ఆవిడ చేతికిచ్చాడు.

"పెడదాం. కానీ నడి చెరువులోనే పెట్టాలి మాణిక్యమ్మా. తూము దగ్గర పెడితే ఏమవుతుందో నాకు తెలుసు."

ఆవిడకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. అప్పటికే నేను గట్టు అవతల, ఆవిడ చెరువులోని పడవ తాడు విప్పుతున్నాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పడవెక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న గెడ వేశాడు.

ఇంకో పది సీసాలు పంపించు.

నీ
సుధామణి